శాపమా, రాయా, మనుషులా? సెంట్రేలియా కొండమీది చర్చి ఎందుకు మిగిలింది

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సెంట్రేలియా అని ఒక బొగ్గుగనుల ఊరు ఉండేది. 1890లో అక్కడ 2,761 మంది ఉండేవారు. 2020 జనాభా లెక్కల్లో ఐదుగురు తేలారు. 2002లోనే పోస్టల్ శాఖ ఆ ఊరి జిప్‌కోడ్ ఎత్తేసింది. రోడ్లు ఉన్నాయి గానీ అటూ ఇటూ ఇళ్లు లేవు, చెట్లు మొలిచాయి. నేల కింద 1962లో అంటుకున్న నిప్పు ఇంకా రగులుతూనే ఉంది.

ఊరికి ఉత్తరాన కొండవాలులో మాత్రం ఒక తెల్లటి చర్చి నిలబడి ఉంది. నీలిరంగు ఉల్లిగడ్డ గుమ్మటాలు మూడు, వాటిమీద శిలువలు. మరియమాత మోక్షారోపణ దేవాలయం అని పేరు. 1911లో ఉక్రేనియన్ గని కార్మికులు కట్టుకున్నారు. ఊళ్లో మనుషులు లేకపోయినా అక్కడ వారం వారం పూజ జరుగుతోంది.

ఇదెలా సాధ్యం అని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. ఒకరు శాపం అంటారు, ఒకరు చర్చి కింద రాయి ఉంది కాబట్టి అంటారు, ఇంకొకరు అంతా దేవుడి మహిమ అంటారు. మహిమ సంగతి నమ్మేవాళ్లకు వదిలేద్దాం. మిగతా రెండూ ఒకదానితో ఒకటి ఎంతగా చిక్కుపడిపోయాయంటే అసలు కారణం ఒకటి వాటి వెనక కనబడకుండా పోయింది.

ముందు శాపం సంగతి తేల్చేద్దాం. సెంట్రేలియా గురించి వెతికితే మొదట తగిలేది అదే.

ఊరు 1866లో మునిసిపాలిటీ అయింది. అప్పట్లో గనుల్లో కూలీలు ఎక్కువమంది ఐరిష్ వాళ్లు. 1840ల్లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టి ఐర్లండ్ అంతా కరువు వస్తే ఓడలెక్కి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. పైన మేస్త్రీలు, సూపరింటెండెంట్లు చాలావరకు ఇంగ్లిష్, వెల్ష్ వాళ్లు. మతం వేరు, పాతపగలు వేరు, కూలి రేట్ల గొడవ సరేసరి. ఈ వాతావరణంలో మోలీ మగ్వైర్స్ అనే రహస్య ముఠా పేరు వినబడసాగింది. 1868 అక్టోబరులో, సెంట్రేలియా ఊరికి నక్షా గీసిన మైనింగ్ ఇంజనీర్ అలెగ్జాండర్ రే దారిలో హత్యకు గురయ్యాడు. పదేళ్ల తర్వాత, 1878లో, ఆ కేసులో ముగ్గురిని ఉరి తీశారు. ఆ రెండు మూడేళ్లలో బొగ్గు ప్రాంతమంతటా మోలీలన్న ముద్రతో ఉరికంబం ఎక్కినవాళ్లు ఇరవై మంది. వీళ్లలో నిజంగా హంతకులెవరు, కంపెనీ పెట్టిన ప్రైవేటు డిటెక్టివ్ సాక్ష్యానికి బలైపోయింది ఎవరు అన్న వాదన చరిత్రకారుల మధ్య ఇంకా తెగలేదు. కొన్ని కేసుల్లో దర్యాప్తు చేసింది కంపెనీ మనిషి, కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించింది రైల్వే-బొగ్గు కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ గోవెన్. అలాంటి తీర్పుల మీద అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

ఇక్కడ కథోలిక చర్చి ఇరుకున పడింది. ముఠాలో ఉన్నారని చెప్పుకున్నవాళ్లూ కథోలికులే, వాళ్లని చూసి భయపడే కూలీలూ కథోలికులే. ఫిలడెల్ఫియా ఆర్చిబిషప్ వుడ్ మోలీలను చర్చినుంచి వెలివేశాడు. సెంట్రేలియాలో కాపురమున్న మొదటి కథోలిక గురువు ఫాదర్ డేనియల్ ఇగ్నేషియస్ మెక్‌డర్మాట్. 1869లో ముగ్గురు మోలీలు ఆయన్ని కొట్టారనీ, దానికాయన ఊరిని శపించాడనీ, ఒకరోజు సెయింట్ ఇగ్నేషియస్ చర్చి తప్ప ఈ ఊళ్లో ఏమీ మిగలదు అన్నాడనీ చెప్పుకుంటారు.

ఈ కథను నమ్మాలో వద్దో తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సెయింట్ ఇగ్నేషియస్ చర్చిని 1997లో కూల్చేశారు. ఇప్పుడక్కడ దాని శ్మశానం ఒక్కటే ఉంది. శాపంలో సగం నిజమైందని సంతోషపడేవాళ్లు మిగతా సగం సంగతి ఎత్తరు. ఇంకొందరు తెలివిగా 'ఒక్క చర్చి మిగులుతుంది' అని కథ మార్చి, కొండమీది తెల్ల చర్చిని అందులో ఇరికిస్తారు. ఆ చర్చి కట్టింది శాపం తర్వాత నలభై రెండేళ్లకి, కట్టినవాళ్లు ఐరిష్ వాళ్లు కాదు, ఆచారం కూడా వేరు. మెక్‌డర్మాట్ కాలానికి వాళ్లలో ఎక్కువమంది పుట్టనేలేదు.

మరి వాళ్లెవరు? అసలు చిక్కుముడి ఇక్కడుంది.

1880ల నుంచి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని కార్పేథియన్ కొండల నుంచి, గలీషియా (ఇప్పుడు పోలండ్, ఉక్రెయిన్‌లలో ఉన్న ప్రాంతం) నుంచి రైతుకూలీలు ఈ గనులకు రావడం మొదలైంది. వాళ్లు తమని తాము రుసిన్లు అనుకునేవారు. ఉక్రేనియన్లు అన్న మాట తర్వాత స్థిరపడింది. వీళ్లు గ్రీకు కథోలికులు. అంటే పోపుగారిని అంగీకరిస్తారు, కానీ పూజా విధానం తూర్పు దేశాల ఆర్థడాక్స్ వాళ్లలా ఉంటుంది. 1596లో బ్రెస్ట్ నగరంలో కుదిరిన ఒప్పందం ప్రకారం వాళ్ల మేత్రాణులు (బిషప్పులు) రోముతో కలిశారు, దానికి బదులుగా తమ ఆచారాలు తమకే ఉంచుకున్నారు.

తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక, ఎందుకంటే ఇలాంటిది మన బొగ్గు ప్రాంతంలోనే ఉంది. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) సీరో-మలబార్ చర్చిది. కేరళ నుంచి వచ్చిన తూర్పు సంప్రదాయం అది. పక్కనే ఉన్న వరంగల్ మేత్రాసనం లాటిన్ సంప్రదాయానిది, అంటే రోము పద్ధతిది. రెండూ కథోలికమే, ఇద్దరికీ పోపు ఒక్కరే, పూజ క్రమం మాత్రం వేరు.

ఆనాటి సెంట్రేలియాలో ఒక ఐరిష్ కూలీ రుసిన్ల పూజకి వెళ్తే ఏం చూసేవాడో ఊహించండి. బలిపీఠానికీ జనానికీ మధ్య చిత్రాలతో నిండిన ఒక చెక్క తెర ఉంటుంది. దానికున్న తలుపులు పూజ మధ్యలో తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. పాటలన్నీ గొంతుతోనే, వాయిద్యం ఉండదు. భాష లాటిన్ కాదు, పాత స్లావిక్. సత్ప్రసాదం పలుచని అప్పం కాదు, పులిసిన రొట్టె ముక్క ద్రాక్షరసంలో నానబెట్టి చెంచాతో నోట్లో పెడతారు. ఇదంతా ఒకెత్తు. పూజ చేసిన గురువు బయటికి రాగానే పక్కన భార్య, వెంట పిల్లలు! తూర్పు ఆచారంలో పెళ్లయినవాడు గురువు కావచ్చు. అమెరికాలోని లాటిన్ బిషప్పులకు మింగుడుపడనిది సరిగ్గా ఇదే.

సెంట్రేలియాకి కొద్ది మైళ్ల దూరంలో షెనన్‌డోవా అనే మరో గనుల పట్నం ఉంది. అమెరికాలో మొట్టమొదటి గ్రీకు కథోలిక విచారణ (పారిష్, అంటే ఒక గురువు కింద ఉండే చర్చి సమాజం) 1884లో అక్కడే మొదలైంది. కార్మికులే గలీషియాలోని ల్వీవ్ నగరంలో ఉండే తమ మెట్రోపాలిటన్‌కి (ప్రధాన బిషప్పుకి) ఉత్తరం రాసి గురువుని పంపమన్నారు. ఆయన ఫాదర్ ఇవాన్ వొలాన్‌స్కీని పంపాడు. వొలాన్‌స్కీ భార్యతో సహా దిగాడు. ఫిలడెల్ఫియా ఆర్చిబిషప్ కార్యాలయం ఆయన్ని గుర్తించలేదు. ఈయన ఊరుకోకుండా ఒక అద్దె హాల్లో పూజ మొదలుపెట్టాడు. ఆ తర్వాత గుడి కట్టించాడు. గనిలో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు సాయం అందేలా సహాయ సంఘం పెట్టాడు. 'అమెరికా' అనే పత్రిక నడిపాడు, సహకార దుకాణం తెరిచాడు. 1887-88 సమ్మెలో కార్మికుల పక్షాన నిలబడ్డాడు. మోలీలను వెలివేసిన బిషప్పుల చర్చికీ, సమ్మెకారుల పక్కన నిలబడ్డ ఈ గురువుకీ మధ్య పదేళ్లే తేడా అన్నది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. గనుల ఊళ్లలో చర్చి ఎవరి పక్షం అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఎప్పుడూ లేదు. లాటిన్ బిషప్పుల ఒత్తిడితో వొలాన్‌స్కీని 1889లో వెనక్కి పిలిపించారు.

అదే ఏడాది మినియాపొలిస్‌లో అలెక్సిస్ టోత్ అనే మరో గ్రీకు కథోలిక గురువుని అక్కడి ఆర్చిబిషప్ జాన్ ఐర్లండ్ కాగితాలు చూసి గెంటేసినంత పని చేశాడు. టోత్ భార్య అప్పటికే చనిపోయింది, అయినా ఆర్చిబిషప్ వినలేదు. టోత్ 1891లో తన విచారణతో సహా ఆర్థడాక్స్ చర్చిలో చేరిపోయాడు. తర్వాత పెన్సిల్వేనియా బొగ్గు ప్రాంతానికి వచ్చి ఎన్నో గ్రీకు కథోలిక విచారణల్ని అటు లాగాడు. చిన్న చిన్న గనుల ఊళ్లలో కూడా ఉల్లిగడ్డ గుమ్మటాల చర్చిలు రెండేసి కనిపించడానికి కారణం ఈ చీలికే. ఒకటి కథోలికం, ఒకటి ఆర్థడాక్స్. లోపల పాడేది దాదాపు ఒకటే. సెంట్రేలియాలో కూడా రెండూ ఉండేవి. ఆర్థడాక్స్ చర్చి ఇప్పుడు లేదు.

రోము ఆలస్యంగా మేల్కొని 1907లో సోటర్ ఒర్టిన్‌స్కీని అమెరికాలోని గ్రీకు కథోలికులకు బిషప్పుగా నియమించింది. అంటే 1911లో సెంట్రేలియా కొండమీద చర్చి కట్టేనాటికి వాళ్లకంటూ ఒక సొంత బిషప్ ఉన్నాడు. ఆయనకి పూర్తి అధికారం దక్కింది 1913లోనే గానీ, ఐరిష్ చర్చి కింద ఒక మూల సర్దుకోవాల్సిన అవసరం తగ్గింది. గని పనిలో ఐరిష్ కూలీ, రుసిన్ కూలీ ఒకే బాయిలో దిగుతారు, ఒకే లాంతరు వెలుగులో తవ్వుతారు. ఆదివారం మాత్రం ఒకరు ఊళ్లోకి, ఒకరు కొండమీదికి. బయటివాళ్లకి ఇది అనవసరమైన వేర్పాటులా కనిపించవచ్చు. గనిలో రుసిన్ల భాష చెల్లేది కాదు, పేరు కూడా మేస్త్రీ నోటికి తిరిగినట్టు మారిపోయేది. కొండమీద అలా కాదు.

ఇప్పుడు నిప్పు సంగతి.

ఇక్కడ దొరికేది ఆంత్రసైట్, రాయిలాంటి గట్టి బొగ్గు. ఓ పట్టాన అంటుకోదు, అంటుకుంటే ఓ పట్టాన ఆరదు. బొగ్గు పొరలు మన సింగరేణిలోకన్నా చాలా ఏటవాలుగా దిగుతాయి. తవ్వే పద్ధతి మాత్రం సింగరేణి పాత బాయిల్లోని వాళ్లకి తెలిసినదే: పైకప్పు కూలకుండా మధ్యలో బొగ్గు పిల్లర్లు వదిలి, చుట్టూ తవ్వుకుంటూ పోవడం. 1929లో స్టాక్ మార్కెట్ కుప్పకూలాక లీహై వ్యాలీ బొగ్గు కంపెనీ సెంట్రేలియా చుట్టుపక్కల ఐదు గనులు మూసేసింది. పని లేదు, ఇంట్లో తిండి లేదు. జనం మూసేసిన బాయిల్లోకి దొంగతనంగా దిగి, కంపెనీ వదిలిన పిల్లర్లనే చెక్కి బొగ్గు అమ్ముకున్నారు. పిల్లర్లు పోయిన చోట గనులు లోపల్లోపల కూలాయి. ముప్పై ఏళ్ల తర్వాత నిప్పుని అడ్డుకోవాలంటే ఏ దారి ఎటు పోతుందో చెప్పే మ్యాపులు దేనికీ పనికిరాకుండా పోయాయి. ఆకలితో చేసిన పనికి వాళ్లని తప్పుపట్టలేం గానీ, ఊరు కాలడంలో దాని పాత్ర ఉంది.

నిప్పు ఎలా అంటుకుందన్న దానిమీద వేర్వేరు వాదనలున్నాయి. ఎక్కువమంది ఒప్పుకునేది ఇది: 1962 మే నెలాఖరులో మెమోరియల్ డే (యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే రోజు) వస్తోందని, శ్మశానం పక్కనున్న చెత్తకుప్పను శుభ్రం చేయడానికి మునిసిపాలిటీ వాళ్లు దానికి నిప్పుపెట్టించారు. చెత్త వేసింది పాత ఓపెన్‌కాస్ట్ గుంతలో. మంట ఆర్పామనుకున్నారు. గుంత గోడ అడుగున దాదాపు 15 అడుగుల వెడల్పు కన్నం ఒకటి పూడ్చకుండా ఉండిపోయింది. అది నేరుగా పాత గని సొరంగాల్లోకి తెరుచుకుంటుంది. కిందనుంచి గాలి, పక్కన బొగ్గు. ఇంకేం కావాలి?

వాసన గురించి తొలి ఫిర్యాదులు చేసినవాళ్లలో సెయింట్ ఇగ్నేషియస్ విచారణ గురువు ఒకరు. ఆదివారాలు చర్చిలోకి కంపు వస్తోందని ఆ వేసవిలోనే చెప్పాడు. అప్పటికింకా నిప్పు ఒక మూలనే ఉంది. ఆగస్టులో తవ్వకం మొదలుపెట్టారు, బడ్జెట్ దాదాపు 20 వేల డాలర్లు. పగలు మాత్రమే, వారంలో ఐదు రోజులు మాత్రమే పని. మంట మాత్రం సెలవు తీసుకోలేదు. తవ్విన గోతుల వల్ల దానికి ఇంకా గాలి అందింది. అక్టోబరుకి డబ్బు అయిపోయింది. 1983 నాటికి పూర్తిగా ఆపాలంటే 66 కోట్ల డాలర్లు కావాలని లెక్క తేలింది. ప్రభుత్వాల చేతుల్లో చిన్న పని పెద్ద పని అయ్యే తీరు మనకు కొత్తేం కాదు గానీ, ఈ నిష్పత్తి మాత్రం ఎక్కడా వినలేదు.

ఊరు మొదటి పదిహేనేళ్లు దానితో సర్దుకుపోయింది. 1979లో ఒక పెట్రోల్ బంక్ యజమాని తన భూగర్భ ట్యాంకులో ఎంత పెట్రోలుందో కొలవడానికి కడ్డీ దించి తీస్తే అది చేతికి వేడిగా తగిలింది. థర్మామీటర్ దించితే పెట్రోలు వేడి దాదాపు 78 డిగ్రీల సెల్సియస్. 1981 ఫిబ్రవరిలో పన్నెండేళ్ల పిల్లాడు వాళ్ల అమ్మమ్మగారి పెరట్లో నిలబడి ఉండగా కాళ్ల కింద నేల దిగిపోయింది. చెట్టు వేరు పట్టుకుని వేలాడుతుంటే బంధువుల కుర్రాడు పైకి లాగాడు. ఆ గుంత లోతు 150 అడుగులు. అక్కణ్ణుంచి ఊరు రెండుగా చీలింది. 1983 ఓటింగులో వెళ్లిపోదామన్నవాళ్లు 345, ఉంటామన్నవాళ్లు 200. మునిసిపాలిటీకి భూమి కింది బొగ్గు హక్కులున్నాయి కాబట్టి వాటిని కాజేయడానికే ఇదంతా అని చివరిదాకా నమ్మినవాళ్లు ఆ రెండొందల మందిలో ఉన్నారు. ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ పునరావాసానికి 4 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చింది. వెయ్యిమందికి పైగా పరిహారం తీసుకుని కదిలారు. కదలనివాళ్ల మీద 1992లో గవర్నర్ భూసేకరణ అధికారం ప్రయోగించాడు. మిగిలిన ఏడుగురు చచ్చేదాకా అక్కడే ఉండొచ్చని 2013లో రాజీ కుదిరింది.

చర్చి దగ్గరికి వద్దాం. 1986లో ఉక్రేనియన్ కథోలిక మెట్రోపాలిటన్ స్టీఫెన్ సులిక్ ఆ కొండమీది చర్చి కింద ఏముందో చూడమని సర్వే చేయించాడు. కింద బొగ్గు లేదు, గట్టి రాయి ఉందని తేలింది. నిప్పు అటు వచ్చే ప్రమాదం లేదు, నేల కుంగే భయం లేదు. 'ఈ బండమీద నా సంఘమును కట్టుదును' అన్న వాక్యం బైబిల్ చదివిన ఎవరికైనా వెంటనే గుర్తొస్తుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది కూడా. కానీ దీన్నే పూర్తి జవాబుగా తీసుకుంటే తప్పు. రాయి వల్ల గోడలు నిలిచాయి. పూజ నిలవడానికి రాయి చాలదు. ఆ కొండ కింద రాయి, ఊరంతా ఖాళీ, చర్చి తలుపుకి తాళం: అలా కూడా జరగొచ్చు. పెన్సిల్వేనియా బొగ్గు ప్రాంతంలో భూమి కింద ఏ నిప్పూ లేని ఊళ్లలో కూడా ఎన్నో కథోలిక చర్చిలు గత కొన్ని దశాబ్దాల్లో మూతపడ్డాయి, కలిపేశారు, కూల్చేశారు. గనులు పోతే జనం పోయారు, అంతే.

తేడా ఎక్కడొచ్చిందంటే, నా లెక్కలో, విచారణ అన్నది దేనిమీద నిలబడుతుందన్న దగ్గర. లాటిన్ పద్ధతిలో విచారణ సాధారణంగా ఒక ప్రాంతానికి చెందుతుంది. ఈ వీధుల్లో ఉంటే ఈ చర్చి, ఆ వీధుల్లోకి మారితే ఆ చర్చి. సెయింట్ ఇగ్నేషియస్ వాళ్లు పక్క ఊళ్లయిన ఆష్‌లాండ్‌కో మౌంట్ కార్మెల్‌కో ఇల్లు మార్చుకున్నప్పుడు అక్కడ వాళ్లకోసం అప్పటికే చర్చి ఉంది. పూజ అదే, భాష ఇంగ్లిషే, పిల్లల్ని అక్కడే చేర్పించారు. పాత చర్చిని ప్రేమించలేదని కాదు, కానీ వెనక్కి రావలసిన పని లేకుండా పోయింది. గ్రీకు కథోలిక విచారణ మాత్రం మొదటినుంచీ చిరునామా మీద కట్టింది కాదు. తాతలు ఏ కొండల నుంచి వచ్చారు, ఏ పాట పాడారు అన్నదానిమీద కట్టింది. ఇల్లు మారినా అది మారదు. చుట్టుపక్కల ఊళ్లలో వేరే ఉక్రేనియన్ చర్చిలు కూడా ఉన్నాయి, అక్కడికి వెళ్లిపోవచ్చు, కొందరు వెళ్లే ఉంటారు. అయినా తగినంతమంది కార్లేసుకుని కొండెక్కుతూనే ఉన్నారు. ఒకప్పుడు లాటిన్ బిషప్పులు ఒప్పుకోక, వేరుగా నిలబడక తప్పని పరిస్థితి తెచ్చిన ఆ వేర్పాటే నూరేళ్ల తర్వాత వాళ్లని కాపాడింది. అప్పటి మింగుడుపడని చేదు ఇప్పటి మందు అయిందని ఇక్కడ తేలిగ్గా అనేయొచ్చు, కానీ అదే వేర్పాటు సెంట్రేలియా ఆర్థడాక్స్ చర్చిని కాపాడలేదు. మంచి రాయి, పట్టు వదలని జనం, కూల్చకుండా సర్వే చేయించాలనుకున్న ఒక మెట్రోపాలిటన్, ఈ మూడూ కలిశాయి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ స్థలం కూడా గడ్డి మొలిచిన ఖాళీ జాగా అయ్యేది.

2015 నవంబరులో ఉక్రేనియన్ గ్రీకు కథోలిక చర్చి అధినేత స్వియతోస్లావ్ షెవ్‌చుక్ కీవ్ నుంచి అమెరికాకి వచ్చినప్పుడు సెంట్రేలియా వెళ్లాడు. ఊరు లేని చోట పూజ జరగడం చూసి కదిలిపోయి, దాన్ని తీర్థస్థలంగా చేయాలన్నాడు. మరుసటి ఏడాది ఆగస్టు చివర్లో మొదటి తీర్థయాత్ర జరిగింది. మతం ఏదైనా రావచ్చని పిలుపునిచ్చారు.

ఇది మంచి మలుపే గానీ, దీనివల్ల పరిస్థితి ఎటు పోతుందో చెప్పడం కష్టం. తీర్థస్థలానికి ఏడాదికోసారి వచ్చే జనం కావాలి, విచారణకి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు కావాలి. బొగ్గు తవ్వినవాళ్ల మనవలు, మునిమనవలు ఫిలడెల్ఫియాలోనో ఇంకా దూరంగానో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. తీర్థయాత్ర రోజు వాళ్లలో కొందరు రావచ్చు. జనవరి మంచులో ఒక మామూలు ఆదివారం ఉదయం కొండెక్కేది మాత్రం చుట్టుపక్కల ఊళ్లలో మిగిలిన కుటుంబాలే. ఇక ముందు అక్కడ జరిగే పూజ విచారణ పూజగా ఉంటుందా, యాత్రికుల పూజగా మారుతుందా అన్నది ఆ కుటుంబాల సంఖ్యను బట్టి ఉంటుంది. కింద రగులుతున్న నిప్పుకి దానితో సంబంధం లేదు.